కార్డు సరే, డాక్టరు యాడప్పా?

మా రోజుల్లో ఫౌజులో ఒంట్లో బాగాలేకపోతే పొద్దున్నే సిక్ రిపోర్టు పుస్తకంలో పేరెక్కించుకోవాలి. పీటీ విజిల్ పడేలోగా వైద్య పరీక్షలు చేసే ఎం.ఐ. రూము ముందు వరసలో నిలబడాలి. లోపల మా రెజిమెంటు డాక్టరు ఆర్.ఎం.ఓ. సాబ్, పక్కన నర్సింగ్ అసిస్టెంటు. నాలుక చాపమనేవాడు, కంటిరెప్ప కిందికి లాగి చూసేవాడు, వీపు మీద స్టెతస్కోపు ఆనించి ఊపిరి పీల్చమనేవాడు. ఏ.పి.సి. మాత్ర చేతిలో పెట్టి డ్యూటీకి పొమ్మన్నా, రెండు రోజులు విశ్రాంతి రాసినా, అంబులెన్సు ఎక్కించి మిలిటరీ ఆసుపత్రికి పంపినా, తేల్చేది ఆయనే. ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూసేది లేదు. బిల్లు అనే మాట మా చెవిన పడేది కాదు. ఎక్సర్‌సైజుకు పోతే ఆ డాక్టరూ మా వెంటే వచ్చి మా పక్కనే టెంటు వేయించుకునేవాడు.

అదీ సర్కారు వైద్యమంటే. డాక్టరు సర్కారు మనిషి, మందు సర్కారుది, మంచం సర్కారుది. 1971 యుద్ధానికి ముందు మద్రాసు సాపర్లలో చేరిన నాకు పదిహేనేళ్ళకు పైగా తెలిసిన వైద్యం అదొక్కటే. ఇప్పుడు టీవీల్లో కూర్చుని, సర్కారు చేతకాదు, ఆసుపత్రులన్నీ ప్రైవేటుకు ఇచ్చేయాలి, మనకు ఒక కార్డు చాలు అని వాదించేవాళ్ళను చూస్తే కడుపు మండుతుంది. చేతకాకపోతే సియాచిన్ మంచులో జవాన్లకు వైద్యం చేయడం అదే సర్కారుకు ఎలా చేతనవుతోంది?

అప్పట్లో అంతా బాగుండేదని నేననను. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు మా పల్లెల్లో సర్కారు డిస్పెన్సరీకి పోవాలంటే సీసా మనమే కడిగి పట్టుకుపోవాలి. కాంపౌండరు పెద్ద జాడీలోంచి ఎర్ర మిక్చరు పోసి, సీసాకు ఒక కాగితం పట్టీ అంటించేవాడు. దాని అంచుకు కత్తెరతో గాట్లు పెట్టి ఉండేవి. పూటకు ఒక గాటు దాకా తాగాలి. చదువు రాని ముసలమ్మలు కూడా తప్పు లేకుండా మందు తాగేవాళ్ళు. మలేరియా ఆయన సైకిలు మీద వచ్చి వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకుని, తలుపు పక్క గోడ మీద గీసిన గళ్ళలో తేదీ వేసి సంతకం పెట్టిపోయేవాడు. ఆ గోడ చూస్తే సర్కారు మనిషి ఎప్పుడొచ్చిందీ, ఎప్పుడు ఎగ్గొట్టిందీ ఊరందరికీ తెలిసేది. నిలదీసేవాళ్ళు కూడా. కానీ కాన్పు కష్టమైతే ఎద్దులబండి కట్టాల్సిందే. ఆ బండి మీదే ప్రాణం పోయిన ఆడకూతుళ్ళు మా చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. గుండెజబ్బు అంటే ఇంట్లోవాళ్ళు ఏడ్చి ఊరుకునేవాళ్ళు.

పింఛను పుచ్చుకుని ఇంటికొచ్చాక నాకూ ఆ గతే పట్టింది. యూనిఫాం విప్పినవాణ్ణి మిలిటరీ ఆసుపత్రిలో చోటుంటేనే చూసేవాళ్ళు. మాకు దగ్గరి ఆసుపత్రి బెంగళూరులో. సద్ది కట్టుకుని, బస్సులో ధర్మవరం చేరి, అక్కడ రైలెక్కి, మోకాళ్ళు వాచిన భార్యను నడిపించుకుంటూ పోవాలి. బుడ్డలు పీకే కాలంలో ఎవరికి తీరిక? వానలు లేని ఏడు చేతిలో డబ్బెక్కడిది? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరంగా పడని జిల్లా ఇది. ఇక్కడ జబ్బుకన్నా ముందు దూరం చంపుతుంది.

అందుకే 2003 ఏప్రిల్ 1న మాజీ సైనికుల వైద్య పథకం ఇ.సి.హెచ్.ఎస్. మొదలైనప్పుడు మేం పండగ చేసుకున్నాం. 1996 జనవరికి ముందు రిటైరైన నాలాంటివాళ్ళకు చందా కూడా లేదు. తర్వాతివాళ్ళు ఒక్కసారి కడితే చాలు, బతికినన్నాళ్ళూ వర్తిస్తుంది. 2017 చివర్లో పెంచాక సిపాయి నుంచి హవల్దారు దాకా ఆ చందా 30 వేలు. భార్యకు, ఆధారపడ్డ పిల్లలకు, తల్లిదండ్రులకు కూడా వైద్యం. పాలీక్లినిక్‌లో చూస్తారు, వాళ్ళ వల్ల కాకపోతే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి రాసిస్తారు, మనం పైసా కట్టక్కర్లేదు. ఈ పథకం వల్ల గుండె ఆపరేషన్లు అయి లేచి తిరుగుతున్న మా తోటివాళ్ళు చాలామంది ఉన్నారు. అది మరిచిపోతే పాపం.

కానీ ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరి పాలీక్లినిక్‌కు పోతాం. కార్డు మిషన్‌లో పెడతారు, టోకెన్ ఇస్తారు. బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది వితంతువులు. ప్లాస్టిక్ కవర్లో కార్డు, పాత చీటీలు, పింఛను పుస్తకం అన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేసి ఒళ్ళో పెట్టుకుని ఉంటారు. డాక్టరుది కాంట్రాక్టు ఉద్యోగం. కాంట్రాక్టు ముగిసి ఆయన వెళ్ళిపోతే, కొత్తాయన వచ్చేదాకా ఉన్నవాళ్ళే సర్దుకోవాలి. చక్కెరకు, బీపీకి, గుండెకు కలిపి అయిదు మందులు రాస్తే మందుల కిటికీ దగ్గర మూడిస్తారు. మిగతా రెండింటి పక్కన 'ఎన్.ఎ.' అని రాస్తారు. ఈ మధ్య ఒకావిడ ఆ చీటీ నాకు చూపించి, "ఏమప్పా, ఇది కొత్త మాత్ర పేరా?" అని అడిగింది. ఆ మందు లేదని రాశారమ్మా, బయట కొనాలి, బిల్లు దాచిపెట్టి మళ్ళీ ఇక్కడే దరఖాస్తు పెట్టాలి అని చెప్పాను. "కొనేదానికి దుడ్లుంటే ఇంత దూరం యాల వస్తానప్పా?" అంది. ఆమె భర్త పద్దెనిమిదేళ్ళు సరిహద్దులో పనిచేసినవాడు.

పెద్ద ఆసుపత్రికి రాసిచ్చిన చీటీ పట్టుకుపోతే అక్కడ ఇంకో కథ. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి మర్యాదగానే చెబుతుంది: పాత బిల్లులు రాలేదంట అంకుల్, ఈ కార్డు ప్రస్తుతం తీసుకోవడం లేదు. ఆ పిల్లను అని ఏం లాభం? ఇది నా ఒక్కడి గోడు కూడా కాదు. దేశంలోని పాలీక్లినిక్‌లలో మందుల కొరతనూ, బిల్లుల చెల్లింపులో జాప్యాన్నీ కాగ్ 2015లోనే నివేదికలో రాసింది. రాసి పదేళ్ళు దాటింది.

ఊళ్ళో కుర్రవాళ్ళు నాతో అంటారు, "తాతా, మీకైతే రెండు కార్డులు, మాకు ఒకటే" అని. మాకూ ఒకటే నాయనా. 2024 అక్టోబరులో డెబ్బై దాటినవాళ్ళందరికీ ఆయుష్మాన్ భారత్ ఇచ్చినప్పుడు, ఇ.సి.హెచ్.ఎస్. ఉన్నవాళ్ళు ఏదో ఒకటే ఎంచుకోవాలన్నారు. సైనికుడికి ఎక్కువ, రైతుకు తక్కువ అనే తగువు పెట్టి చూసేవాళ్ళంటే నాకు గిట్టదు. నా తమ్ముడు రైతు. వాడి గుండె, నా గుండె వేరా?

ఆ రైతు కార్డు కథ మొదలైంది కూడా మా గడ్డ మీదే. డాక్టరు చదివిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని మొదట పెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. తక్కిన రెండూ మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. మూడూ వలసకు పేరుపడ్డవే. దానికి రెండేళ్ళ ముందు 108 బండి వచ్చింది. ఆ బండి మా ఊరి మట్టిరోడ్డు మీదికి మొదటిసారి వచ్చినప్పుడు, ఎద్దులబండి మీద పోయిన ఆడకూతుళ్ళు గుర్తొచ్చి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. తర్వాత ప్రభుత్వాలు మారాయి. పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. లక్షన్నర, రెండు లక్షలతో మొదలైన పరిమితి 25 లక్షలకు ఎక్కింది. అంకెలు చూస్తే ఘనంగానే ఉంటాయి. కానీ 2024 మేలో, మళ్ళీ 2025 అక్టోబరులో బకాయిలు ఇవ్వలేదని ప్రైవేటు ఆసుపత్రులు రాష్ట్రమంతా ఆ సేవలు ఆపేశాయి. ఆ రోజుల్లో గుండె పట్టుకుని వచ్చినవాడికి 25 లక్షల కార్డు ఏం చేసింది?

మా జిల్లావాళ్ళకు అర్థమయ్యేలా చెబుతాను. ఊళ్ళో చెరువు పూడిక తీయకుండా ఏటా ట్యాంకరువాడికి డబ్బు కడుతూ పోవడం లాంటిది ఈ కార్డుల పద్ధతి. డబ్బు ఆగిన రోజు ట్యాంకరు రాదు, ఊళ్ళో చుక్క నీరుండదు.

సొంత ఆసుపత్రి, జీతం మీద సొంత డాక్టరు ఉంటే ఏమవుతుందో మా నేల మీదే చూశాం. పుట్టపర్తిలో 1991 నవంబరులో ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం. అక్కడ బిల్లు కట్టే కౌంటరే లేదు. స్పెయిన్ నుంచి వచ్చి ఈ కరువు సీమనే తన ఊరు చేసుకున్న విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీ సంస్థకు బత్తలపల్లిలో ఆసుపత్రి ఉంది. పేదల కాన్పులకు, ఎముకలు విరిగినవాళ్ళకు, హెచ్.ఐ.వి. సోకినవాళ్ళకు అదే దిక్కయింది. ఈ రెండూ సర్కారువి కావు, నిజమే. కానీ అవి ఆసుపత్రి కట్టాయి, డాక్టర్లను పెట్టుకున్నాయి, రోగిని చూశాయి. దాతల డబ్బుతో ఇద్దరు చేసి చూపించిన పని పన్నుల డబ్బుతో రాష్ట్రం ఎందుకు చేయలేదు? అనంతపురంలో పెద్దాసుపత్రి ఉంది, 2000లో వచ్చిన మెడికల్ కాలేజీ ఉంది, సూపర్ స్పెషాలిటీ భవనం కూడా కట్టారు. వాటికి మనుషుల్ని ఇవ్వండి, మందులివ్వండి అంటున్నాను.

ఇవ్వడం పోయి, ఇప్పుడు పెనుకొండ సంగతి చూడండి. రాష్ట్రంలో 17 కొత్త సర్కారు మెడికల్ కాలేజీలు తలపెట్టారు. అయిదు 2023లో తెరుచుకున్నాయి. 2025 సెప్టెంబరులో పది కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించారు. ఆ పదిలో మా పెనుకొండ ఒకటి. ఖజానాలో డబ్బు లేదు, ఇలాగైతే తొందరగా పూర్తవుతుంది, యాజమాన్యం సర్కారుదే అంటున్నారు. డబ్బు లేదన్న మాట నేను కొట్టిపారేయను. కానీ మడకశిర, రొద్దం, గోరంట్ల నుంచి వచ్చే కూలివాడికి ఆ కాలేజీ ఆసుపత్రిలో మంచం ఇచ్చేది ఎవరు, ఇవ్వకపోతే వాడు అడగాల్సింది ఎవర్ని? పార్టీలు దీన్ని రాజకీయం చేసుకుంటున్నాయి. నాకు ఏ పార్టీతోనూ పని లేదు. పెనుకొండ ఆసుపత్రి సర్కారు చేతిలోనే ఉండాలి.

సర్కారు నడిపితే తప్పులు జరగవా అంటారా? అమెరికాలో మాజీ సైనికులకు ప్రత్యేకంగా సర్కారే నడిపే ఆసుపత్రులున్నాయి. అక్కడా తప్పులు జరిగాయి. 2014లో ఫీనిక్స్ నగరంలో, నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్ళ పేర్లు దాచిపెట్టి లెక్కలు మార్చారని బయటపడింది. మాజీ సైనికుల శాఖ మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ప్రైవేటు ఆసుపత్రులకు పంపే చట్టాలు తెచ్చుకుని, ఎంత పంపాలి, సొంతవి ఎంత నిలబెట్టుకోవాలి అని ఇవాళ్టికీ కొట్లాడుకుంటున్నారు. నాకు అందులో కనిపించేది ఒకటే. సర్కారు ఆసుపత్రిలో తప్పు జరిగితే మంత్రి పదవి పోయింది. మన దగ్గర బిల్లు రాక ఆసుపత్రి కార్డు తిప్పికొడితే, ఆసుపత్రి సర్కారును చూపిస్తుంది, సర్కారు ఆడిటును చూపిస్తుంది. ముసలివాడు బస్టాండుకు తిరిగొస్తాడు.

ఇక నన్ను అన్నిటికన్నా బాధపెట్టే సంగతి. మా చిన్నతనంలో రెండో ప్రపంచయుద్ధానికి పోయొచ్చిన పెద్దవాళ్ళు పల్లెల్లో ఉండేవాళ్ళు. యుద్ధం కోసం చేర్చుకున్నారు, యుద్ధం కాగానే ఇంటికి పంపారు. పింఛను లేదు, వైద్యం లేదు. బర్మా అడవుల్లో పట్టిన చలిజ్వరం ఏటా తిరగబెడితే గొంగళి కప్పుకుని అరుగు మీద పడి ఉండేవాళ్ళు. స్వతంత్ర భారతంలో ఇలా జరగదనుకుని మేం ఫౌజులో చేరాం.

2022 జూన్‌లో సైన్యంలో చేర్చుకునేందుకు అగ్నిపథ్ పథకం వచ్చింది. నాలుగేళ్ళ కొలువు. నూటికి పాతికమంది దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్ళు సుమారు 11 లక్షల 70 వేల సేవానిధి తీసుకుని ఇంటికి పోవాలి. పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఇ.సి.హెచ్.ఎస్. లేదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ వేళ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చిన మురళీనాయక్ అగ్నివీరుడే. గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ. రాష్ట్రం ఆ కుటుంబానికి 50 లక్షలు, అయిదెకరాల పొలం ఇచ్చింది. ఇవ్వాల్సిందే, ఎంతిచ్చినా తక్కువే. అతని పక్కనే నిలబడి బతికొచ్చే కుర్రవాడి మాటేమిటి? సర్వీసులో వైకల్యం వస్తే శాతాన్ని బట్టి ఒక్కసారి పరిహారం ఉంది. ఫిరంగి మోతకు చెవుడు నలభై ఏళ్ళకు తేలొచ్చు. మంచులో పాడైన ఊపిరితిత్తులు యాభై ఏళ్ళకు మొరాయించొచ్చు. అప్పుడు వాడు ఏ పాలీక్లినిక్ మెట్లెక్కాలి?

జిల్లాలోని మాజీ సైనికులారా, సైనిక సంక్షేమ కార్యాలయంలో ఈసారి సమావేశమైనప్పుడు మన పింఛను లెక్కల కన్నా ముందు ఈ మాట ఎత్తండి. పాలీక్లినిక్‌లో కాంట్రాక్టు డాక్టరు కాదు, పర్మనెంటు డాక్టరు కావాలని రాయండి. నాలుగేళ్ళు చేసినా, ఇరవై ఏళ్ళు చేసినా సైనికుడికి వైద్యం హక్కుగా ఉండాలని రాయండి. అనంతపురం, హిందూపురం ఎంపీలిద్దరికీ ఆ కాగితం చేతికివ్వండి. అగ్నివీరుల మొదటి బ్యాచికి నాలుగేళ్ళు 2026 చివరికి నిండుతున్నాయి. ఆ పిల్లలు ఇంటికి చేరకముందే ఉత్తర్వు రావాలి.