ఓవర్‌లోడ్ సంచి

బిలాస్‌పూర్‌లో బరువంటే ఆషామాషీ వ్యవహారం కాదు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి ఇదే హెడ్‌క్వార్టర్. ఈ జోన్‌కి అన్నం పెట్టేది బొగ్గు. వ్యాగన్‌లో మోతాదు మించితే తూకంలో పట్టుకుని జరిమానా వేస్తారు. అధిక బరువు పట్టాలకీ ఇరుసులకీ చేటని రైల్వేకి బాగా తెలుసు. అదే రైల్వే కాలనీలో పొద్దున్నే సంచి తగిలించుకుని ముందుకు వంగి నడిచే రెండో తరగతి పిల్లాణ్ని మాత్రం ఎవరూ తూకం ఎక్కించరు.

రూలు లేదనుకునేరు, ఉంది. 2020లో కేంద్రం స్కూల్ బ్యాగ్ పాలసీ తెచ్చింది. ఒకటి, రెండు తరగతుల సంచి 2.2 కిలోలు దాటకూడదు, ఆ పిల్లలకి హోంవర్క్ అసలు ఇవ్వకూడదు. మూడు నుంచి ఐదు దాకా వారం మొత్తానికి రెండు గంటలు మించకూడదు. పెద్దలు చదివారు, మెచ్చుకున్నారు, ఫైల్లో పెట్టారు. ఫైలు ఎంత బరువుండాలో పాలసీలో లేదు కాబట్టి అది హాయిగా పెరుగుతోంది.

ఇక బడిలో రోజెలా గడుస్తుందంటే, బోర్డు మీదిది నోట్సులోకి, నోట్సులోది వర్క్‌బుక్కులోకి, మిగిలిపోయింది డైరీలోకి. పాఠం చెప్పే భాగం సాయంత్రం అమ్మ పుచ్చుకుంటుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పట్టాల పనికి వచ్చిన కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. అలాంటి ఓ క్వార్టర్‌లో రాత్రి ఎనిమిదైంది.

"సాత్ దూనీ చౌదహ్," అంటాడు మనవడు.

"ఏడు రెళ్లు పద్నాలుగు. అలాగ అనరా," అంటాడు తాత.

"అది కాదు మావయ్యా, సెవెన్ టూస్ ఆర్ ఫోర్టీన్ అని పదిసార్లు రాయమన్నారు," అంటుంది కోడలు.

"ఏటమ్మా, ఎలాగ చూసినా పద్నాలుగే కదా! మళ్లీ పదిసార్లెందుకు?"

ఈ ప్రశ్నకి సిలబస్‌లో జవాబు లేదు.

భాషా మైనారిటీల పిల్లలకి ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా చూడమని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లోనే చేర్చారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా ఐదో తరగతి వరకైనా ఇంటి భాషే మేలంది. పంపకం మాత్రం మరోలా జరిగింది. పాఠాలకి హిందీ, ఫీజులకి ఇంగ్లీషు, గోలీలాటకి ఛత్తీస్‌గఢీ. తెలుగుకి దక్కింది తిట్ల శాఖ. "రాయవేరా, చేతులు పడిపోయాయా?" అన్న వాక్యం ఈ కాలనీలో వ్యాకరణ దోషం లేకుండా రోజూ వినిపిస్తుంది.

ప్రాజెక్టు పని వేరే కథ. నీటి చక్రం నమూనా రేపటికల్లా కావాలని డైరీలో ఉంటుంది. నైట్ డ్యూటీ దిగొచ్చిన నాన్న నిద్ర మానేసి బుధవారీ బజారు నుంచి థర్మోకోల్, రంగులు తెచ్చి మబ్బులు కోస్తాడు. మర్నాడు పిల్లాడికి ఎ ప్లస్, నాన్న వేలికి బ్యాండేజీ.

పాపం, తప్పంతా బడిదే అంటే అన్యాయం. హోంవర్క్ ఇవ్వని బడి కనిపిస్తే "ఇక్కడేం చెప్పట్లేదు" అంటూ టీసీ పట్టుకుపోయేది మనమే. పక్కింటి పిల్లాడి సంచి మన పిల్లాడి సంచి కంటే లావుగా కనిపిస్తే రాత్రి నిద్ర పట్టనిది కూడా మనకే. బడులకి ఈ గిరాకీ తెలుసు, సరుకు దించుతున్నాయి.

పాలసీ అమలు కోసం ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. ఈ రాత్రి డైరీలో సంతకం పెట్టేముందు పైన ఒక్క ముక్క రాయండి: "రెండో తరగతికి హోంవర్క్ లేదని 2020 పాలసీ చెబుతోంది, గమనించగలరు." ఏ భాషలో రాసినా ఫరవాలేదు. పదిసార్లు మాత్రం రాయకండి.