నూటికి నూరు... ఎవరి నూరు?

మీటింగు హాల్లో లైట్లు ఆర్పుతారు. తెరమీద రంగుల చక్రం వెలుగుతుంది. 96 శాతం! పచ్చటి పచ్చ రంగులో. పెద్దసారు తలాడిస్తారు. చప్పట్లు. టీ, సమోసా. 'దేంట్లో 96 సార్?' అని అడిగే మొనగాడు ఒక్కడైనా ఉంటాడా? ఉంటే, వచ్చే మీటింగులో వాడి కుర్చీ ఉంటుందా?

ఈ గారడీకి మంత్రాలక్కర్లేదు. ఒక్క ఫిల్టర్ చాలు. ఒక ఆఫీసుకు వెయ్యి ఫిర్యాదులొచ్చాయనుకుందాం. 600 ఫిర్యాదుల వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. 400 చూశారు. వాటిలో 384 తేల్చేశారు. నిజమైన లెక్క ఎంత? 38 శాతం పైచిలుకు. ఛీ, ఇదేం అంకె? పెద్దసారుకి చూపించేదేనా? 'పెండింగ్' పక్కన టిక్కు తీసెయ్. అంతే. ఆరు వందల మంది హాంఫట్. 38 కాస్తా 96 అయి కూర్చుంది. పని పెరిగిందా? లేదు. అడిగేవాళ్లు తగ్గారు.

తప్పు సాఫ్ట్‌వేర్‌దట! ఆడలేక మద్దెల ఓడన్నారట. 2015లో మార్కెట్లోకొచ్చిన పవర్ బీఐ అనే చార్టుల సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. స్లైసర్ అనే తెరమీది ఫిల్టర్ నొక్కితే పై చార్టులో, అంటే ఆ గుండ్రటి చక్రంలో, మిగిలిన ముక్కలే సాగి మళ్లీ నూరు శాతమైపోతాయి. 'పర్సెంట్ ఆఫ్ గ్రాండ్ టోటల్' అని ఎంచుకున్నా, ఆ గ్రాండ్ టోటల్ వడపోతలో మిగిలిందే. నిజమే. కానీ అదే సాఫ్ట్‌వేర్‌లో 'ఆల్' అనే ఫంక్షన్ ఉంది. దాన్ని హారంలో పెడితే ఎన్ని ఫిల్టర్లు తగిలించినా అసలు మొత్తం చెక్కుచెదరదు. టాబ్లో అనే మరో సాఫ్ట్‌వేర్‌లో 'ఫిక్స్‌డ్' ఉంది, మామూలు ఫిల్టర్లకు లొంగదు. పవర్ బీఐలో అంతకన్నా తేలిక దారీ ఉంది. ఫిల్టర్ బదులు 'హైలైట్' పెట్టుకుంటే, ఒక చార్టులో బార్ నొక్కినప్పుడు పక్క చార్టులో మొత్తం లేత రంగులో అలాగే నిలబడుతుంది, మనం ఎంచుకున్న భాగం మాత్రం ముదురుగా కనిపిస్తుంది. మొత్తమెంతో, ముక్కెంతో పసిపిల్లలకైనా తెలుస్తుంది. మరెందుకు పెట్టరు? తెలుస్తుంది కాబట్టే పెట్టరు!

1801లో విలియం ప్లేఫేర్ అనే ఆయన పై చార్టు గీశాడు. టర్కీ సామ్రాజ్యం ఆసియాలో ఎంత, ఐరోపాలో ఎంత, ఆఫ్రికాలో ఎంత అని ఒకే వృత్తంలో చూపించాడు. ఆసియా ముక్క చెరిపేసి, మిగిలిందే టర్కీ అని దబాయించలేదు. కంప్యూటర్ లేని మనిషికున్న బుద్ధి, క్లౌడ్‌లో ఊరేగే మనకు లేకపోయె!

మన ఊళ్లలో ఫ్లెక్సీలు చూడండి. 'నూరు శాతం ప్లేస్‌మెంట్లు!' నూరెవరిలో? 'అర్హులైన' విద్యార్థుల్లో. ఎవరు అర్హులు? ఉద్యోగం వచ్చినవాళ్లే కాబోలు. ఫీజు కట్టించుకునేటప్పుడు ఈ అర్హత ఫిల్టర్ ఏమైంది? అప్పుడు అందరూ అర్హులే! ఇక ఇంటర్ ఫలితాలు రాగానే టీవీల్లో ఒకటి, ఒకటి, ఒకటి అని చెవులు చిల్లులు పడతాయి. పరీక్ష రాసినవాళ్లు ఎందరో ఏ గొంతయినా అరిచిందా?

సర్కారు వారిదీ అదే బడి. అర్జీని 'సంబంధిత శాఖకు పంపడమైనది' అంటారు. డ్యాష్‌బోర్డులో అది 'పరిష్కృతం'. రైతు చేలో నీళ్లు రాలేదు, ఫోన్లో మెసేజ్ మాత్రం వచ్చింది. పెళ్లి పంక్తిలో కూర్చున్నవాళ్లని మాత్రమే అడిగి ఊళ్లో ఆకలి లేదని తేల్చినట్టుంది ఈ వ్యవహారం.

వడపోత నేరమని ఎవరూ అనడం లేదు. జిల్లా అధికారి తన జిల్లా లెక్క చూసుకోవాలి, సేల్స్ మేనేజరు తన ప్రాంతం చూసుకోవాలి. చూసుకోండి, ఎవరొద్దన్నారు? ఆ ముక్కని తెచ్చి మొత్తం అని మా నెత్తిన రుద్దడమే మోసం. ఫలానా ఫిల్టర్ పెట్టాం, ఇంతమందిని పక్కన పెట్టాం అని చార్టు కింద ఒక్క వాక్యం రాయడానికి చేతులు పడిపోయాయా? బడ్జెట్ లేదా? కమిటీ వెయ్యాలా?

అయ్యా పాఠకా, ఈసారి ఎవరైనా శాతం చూపిస్తే చప్పట్లు కొట్టకు. మూడే ప్రశ్నలు అడుగు. నూరంటే ఎవరు? ఏ ఫిల్టర్ పెట్టారు? తీసేసినవాళ్లు ఎందరు? జవాబు రాకపోతే తెరమీదున్నది కాకిలెక్కే. తీసేసినవాళ్లలో నువ్వూ ఉన్నావు.