‘నడుస్తుంది కదా సార్!’

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారుచేసేవాళ్లు ప్రతి పెద్ద వెర్షన్‌కూ ఐదేళ్ల గడువు ముందే చెప్పేస్తారు. 2019లో వచ్చిన 12వ వెర్షన్‌కు 2024 నవంబరుతో చెల్లు. మరో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7 గడువు 2023 అక్టోబరులోనే ముగిసింది. ఆ తర్వాత భద్రతలో కన్నం పడినా పూడ్చడానికి తయారుచేసినవాళ్లు రారు.

ఇంత స్పష్టంగా చెప్పాక కూడా వాటిమీద అప్లికేషన్లు రాసే కంపెనీల్లో మీటింగులే మీటింగులు. ‘పాతదానికి సపోర్ట్ ఎప్పుడు ఆపేద్దాం?’ ‘ఇంకా ఒక కస్టమర్ ఉన్నాడండీ!’ ఆ ఒక్కడి కోసం కొత్త ఫీచర్ ఏది రాసినా రెండుసార్లు పరీక్షించాలి. పాపం, తాను వాడుతున్నది ఏ వెర్షనో ఆ కస్టమర్‌కే తెలియదు.

మీటింగులు పెట్టే ఈ పెద్దమనుషుల్ని ఒక్కపూట హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లవైపు తిప్పాలి. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. 31 అని అచ్చయిన గైడును చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చున్న గ్రూప్స్ అభ్యర్థి చేత్తోనైనా ముట్టుకోడు. మీటింగు పెట్టడు, సర్వే చెయ్యడు, తూకానికి వేసేస్తాడు. మార్కు పోయేది తనదే మరి! పాత డేటాబేస్‌లో పోయేవి మాత్రం ఎవరివో ఫోన్ నంబర్లు.

నారాయణగూడలో ఒక షాపాయన్ని అడగండి, బిల్లింగ్ ఏ వెర్షన్ మీద నడుస్తోందని.

‘వెర్షనా? పెట్టిచ్చిన పిలగాన్ని అడగాలె సార్. గాయన అమెరికా పోయిండు.’