సెలెక్ట్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం

సెలెక్ట్ ఉ.పేరు, శా.పేరు
ఫ్రమ్ ఉద్యోగులు ఉ జాయిన్ శాఖలు శా ఆన్ ఉ.శాఖ_నంబరు = శా.నంబరు
వేర్ ఉ.జీతం > 50000
ఆర్డర్ బై ఉ.పేరు;

అవతారిక

డేటాబేసుతో పనిచేసేవారు మేనేజ్‌మెంట్ స్టూడియో, డీబీవర్, డేటాగ్రిప్, పీజీఅడ్మిన్ వంటి తెరల మీద నిత్యం రాసే వాక్యం ఇది. చుక్క పెట్టగానే, లేదా కంట్రోల్‌తో కలిపి స్పేస్ నొక్కగానే, అక్కడ రాదగిన పేర్ల లిస్టు కర్సర్ కింద దిగుతుంది. దీన్నే ఆటో కంప్లీట్ అంటున్నారు. మైక్రోసాఫ్ట్ మేనేజ్‌మెంట్ స్టూడియోలో ఈ వసతి 2008 వెర్షన్‌తో ప్రవేశించింది. తక్కిన ప్రోగ్రామింగ్ భాషల్లో ఎంతో వినయంగా సేవచేసే ఈ లిస్టు ఎస్‌క్యూఎల్ దగ్గరికి వచ్చేసరికి మొదటి మాటకే నోరు మూసుకుంటుందనీ, లేకుంటే సంబంధం లేని పేర్లన్నీ ఏకరువు పెడుతుందనీ లోకంలో నింద ఉంది. ఆ నింద చేరవలసిన చోటికి చేరలేదనీ, దోషం చాలావరకు పనిముట్టుది కాక వాక్యక్రమానిదనీ నిరూపించడమే ఈ వ్యాఖ్య ప్రయోజనం.

ప్రతిపదార్థం

సెలెక్ట్ = ఎంచుము; (వేటిని అనగా) ఉ.పేరు = ‘ఉ’ అనెడి దానియొక్క పేరు అను కాలమ్‌ను, (‘ఉ’ ఎవరన్నది ఇంకను చెప్పబడలేదు); శా.పేరు = ‘శా’ అనెడి దానియొక్క పేరును, (‘శా’యును అజ్ఞాతమే); ఫ్రమ్ = నుండి; ఉద్యోగులు ఉ = ఉద్యోగులను టేబుల్, దానికే ‘ఉ’ అని పొట్టిపేరు, (ఇప్పటికి తెలిసినది); జాయిన్ = కూడిన; శాఖలు శా = ‘శా’ అనబడు శాఖల టేబుల్; ఆన్ = ఏ ఆధారమున కూడెననగా; ఉ.శాఖ_నంబరు = శా.నంబరు = ఆ రెండు నంబర్లు సమానమగుట చేత; వేర్ = ఎచ్చట; ఉ.జీతం > 50000 = జీతము 50000 మించునో; ఆర్డర్ బై = వరుసగా పెట్టుము; ఉ.పేరు = ఉద్యోగి పేరును బట్టి; అర్ధవిరామ చిహ్నము = ఇంతటితో సరి.

అన్వయం

మూలంలో మాటల వరస ఒకటి, అర్థం నడిచే వరస మరొకటి. ఎస్‌క్యూఎల్ ప్రమాణం ప్రకారం ముందు ఫ్రమ్, తర్వాత వేర్, గ్రూప్ బై, హ్యావింగ్, వాటి తర్వాతే సెలెక్ట్, చివర ఆర్డర్ బై. సెలెక్ట్‌లో ఒక కాలమ్‌కు కొత్త పేరు పెడితే చాలా డేటాబేసులు దాన్ని వేర్‌లో గుర్తుపట్టవు, ఆర్డర్ బైలో గుర్తుపడతాయి. వేర్ నడిచేనాటికి ఆ పేరు ఇంకా పుట్టకపోవడమే కారణం. ఈ వరసనే పట్టుకుని అన్వయిస్తే వాక్యం ఇలా తేలుతుంది: ఉద్యోగుల టేబుల్‌ను శాఖల టేబుల్‌తో నంబరు ఆధారంగా కలిపి, జీతం 50000 దాటినవారిని ఏరి, వారి పేరునూ శాఖ పేరునూ ఎంచి, ఉద్యోగి పేరు వరసలో పెట్టుము. అన్వయం కుదిరేసరికి వాక్యం తెలుగు నడకలో పడింది. ఇందులో స్వభాషాభిమానానికి చోటేమీ లేదు; క్రియ చివర వచ్చే తమిళమైనా జపనీసైనా ఇదే పని చేస్తుంది. 1974లో ఐబీఎం వారి శాన్ హోసే పరిశోధనశాలలో డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఈ భాషను సీక్వెల్ అనే పేరుతో లోకానికి పరిచయం చేశారు. ఇంగ్లీషును పోలిన క్వెరీ భాష అని ఆ పేరు విప్పితేనే తెలుస్తుంది. ఇంగ్లీషు ఆజ్ఞలో క్రియ ముందుంటుంది, కావలసిన వస్తువు తర్వాత వస్తుంది, అది ఎక్కడిదన్నది ఆ వెనక వస్తుంది. ఆ అలవాటే వ్యాకరణమై నిలిచిపోయింది.

వ్యాఖ్య

వాక్యార్థం తెలియడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కావాలని తర్కసంగ్రహంలో అన్నంభట్టు చెప్పాడు. ఆటో కంప్లీట్ చేసేదీ వాక్యార్థ జ్ఞానమే, కాకపోతే వాక్యం పూర్తికాకముందే చేయాలి. ఫ్రమ్ అన్నాక టేబుల్ పేరు కోసం ఎదురుచూడటం ఆకాంక్ష. అది వ్యాకరణం తెలిసిన ఏ పార్సర్‌కైనా సాధ్యమే. ఉద్యోగుల టేబుల్‌లో జీతం అనే కాలమ్ నిజంగా ఉందా అన్నది యోగ్యత. లేని కాలమ్‌ను అడగడం, తార్కికులు చెప్పే నిప్పుతో తడపడం, రెండూ ఒక కోవలోవే. యోగ్యతకు ప్రమాణం డేటాబేసు తన గురించి తాను రాసుకునే కేటలాగు. అది కూడా మామూలు టేబుళ్లలాగే ప్రశ్నించడానికి వీలుగా ఉండాలని 1985లో రిలేషనల్ నమూనా కర్త కాడ్ తన నియమాల్లో నాలుగోదిగా పెట్టాడు. 1992 ఎస్‌క్యూఎల్ ప్రమాణం దానికి ఇన్ఫర్మేషన్ స్కీమా అనే రూపమిచ్చింది. పనిముట్లు ఆ కేటలాగును చదివి ఒక నకలు దగ్గర పెట్టుకుంటాయి. ఇప్పుడే సృష్టించిన టేబుల్ కింద మేనేజ్‌మెంట్ స్టూడియో ఎర్రగీత గీయడానికి కారణం ఆ నకలు పాతబడటమే. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే గీత పోతుంది. ఇంతవరకు దోషం పనిముట్టుదేనని ఒప్పుకోవచ్చు. మూడోదైన సన్నిధి దగ్గర మాత్రం దానికి దారి లేదు. ‘ఉ’ అన్న మాటకు అర్థమిచ్చే పదం ఇంకా రాయనేలేదు. ఊరి పేరు చెప్పకుండా ఇంటి నంబరు పూర్తిచేయమంటే ఏ పోస్ట్‌మ్యాన్ చేయగలడు?

ఈ మాట ఊహ కాదనడానికి సాక్ష్యం అదే భాషలో ఉంది. ఇన్సర్ట్ ఇంటూ అన్న వెంటనే టేబుల్ పేరు, దాని వెనక కాలమ్‌లు వస్తాయి. అప్‌డేట్ తర్వాతా ముందు టేబుల్ పేరే, ఆ పైన సెట్. ఈ రెండు వాక్యాల్లో అదే పనిముట్టు, అదే కేటలాగు, అదే నకలు. లిస్టు మాత్రం మొదటి కాలమ్ దగ్గరే సరిగ్గా దిగుతుంది. తక్కినవన్నీ సమానంగా ఉండి ఒక్క క్రమమే మారినప్పుడు ఫలితం మారిందంటే కారణం ఆ క్రమమేనని నైయాయికులే కాదు, ఎవరైనా ఒప్పుకుంటారు. భాషలు చేసేవారూ ఒప్పుకున్నారు. బర్క్‌లీలో ఇంగ్రెస్‌తో పుట్టిన క్వెల్ భాష 1970లలోనే పొట్టిపేరును ముందు ప్రకటించి, తర్వాతే కాలమ్‌లు అడిగేది. 2007లో సీ షార్ప్‌లోకి లింక్ (LINQ) అనే క్వెరీ పద్ధతి వచ్చినప్పుడు ఫ్రమ్‌ను మొదటికి తెచ్చారు. ఎడిటర్ కాలమ్ పేర్లు సూచించగలగాలన్నది అందుకు ఒక ముఖ్య కారణం. డక్‌డీబీ 2022 నుంచి ఫ్రమ్‌తో మొదలైన క్వెరీని అంగీకరిస్తోంది. 2024లో గూగుల్ ఇంజనీర్లు ప్రకటించిన పైప్ పద్ధతి కూడా ఫ్రమ్‌తోనే మొదలవుతుంది.

పూర్వపక్షాలు, సమాధానాలు

చదివేవారికి ఫలితంలో ఏముంటుందో మొదటే తెలియాలి, అందుకు సెలెక్ట్ ముందుండటమే మేలు కదా అని ఒక ఆక్షేపణ. ఇది బలమైనదే. నెలకింద ఎవరో రాసిన క్వెరీ తెరిచినవారికి మొదటి పంక్తి విషయసూచికలా పనికివస్తుంది. అయితే చదివే వరస, రాసే వరస ఒకటే కావాలన్న నియమం లేదు. పద్యానికి అన్వయం పుట్టిందే ఆ రెండూ వేరు కావడం వల్ల. పూర్తయిన వాక్యాన్ని చదివేవాడికి కింది పంక్తి కనిపిస్తుంది, అది ఇంకా రాయకముందే పనిచేయవలసిన ఆటో కంప్లీట్‌కు కనిపించదు. కింద ఫ్రమ్ ఉంటే కర్సర్ తర్వాతి భాగాన్ని కూడా చదివి పేర్లు సరిగ్గా చూపే పనిముట్లు ఉన్నాయి. కాబట్టి సెలెక్ట్ తర్వాత ఒక నక్షత్రం పెట్టి, ఫ్రమ్, జాయిన్ పూర్తిచేసి, అప్పుడు వెనక్కి వచ్చి కాలమ్‌లు నింపితే రెండు ప్రయోజనాలూ దక్కుతాయి.

క్రమం సరిగ్గా ఉన్న అప్‌డేట్, డిలీట్‌లతోనే కదా ఎక్కువ భయం, టేబుల్ ముందుంటే ఒరిగిందేమిటి అని రెండో ఆక్షేపణ. క్రమం పేర్లను తెలియజేస్తుంది, ఉద్దేశాన్ని కాదు. వేర్ మరిచిన డిలీట్‌లో ప్రతి పేరూ సరైనదే, పోయిన అడ్డు వరసలూ నిజమైనవే. ఆ రోగానికి మందు వేరు: మైఎస్‌క్యూఎల్‌లో సేఫ్ అప్‌డేట్స్ అనే కట్టడి పెట్టుకుంటే, కీ మీద షరతుగానీ లిమిట్‌గానీ లేని అప్‌డేట్, డిలీట్‌లను అది తిప్పికొడుతుంది. ఆ కట్టడికే ‘ఐ యామ్ ఎ డమ్మీ’ అని ఇంకో పేరు కూడా పెట్టారు. వినయం గలవారు అలాగే రాసి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు భాషా నమూనాలు క్వెరీ మొత్తం తామే రాస్తున్నాయి, ఇంకా సన్నిధి గొడవెందుకు అని మూడో ఆక్షేపణ. ఆ నమూనా ఆకాంక్షను అద్భుతంగా తీరుస్తుంది, అంటే ఇక్కడ ఏ మాట వస్తే బాగుంటుందో దానికి తెలుసు. కేటలాగు చూపకపోతే యోగ్యతకు మాత్రం అది హామీ ఇవ్వలేదు. మీ టేబుల్‌లో లేని, ఉండదగినట్టు కనిపించే కాలమ్‌ను ధీమాగా రాసిపెడుతుంది. కేటలాగు చూపినా, వందల టేబుళ్లలో ఏది ముఖ్యమో చెప్పేది మళ్లీ ఫ్రమ్ తర్వాతి మాటే. నమూనాకైనా మనిషికైనా ఆధారం ముందు అందితేనే ఊహ తగ్గుతుంది.

తాత్పర్యం

ఓ క్వెరీ రచయితా! ఏ టేబుల్ నుంచో ముందు చెప్పి, ఏ కాలమ్ కావాలో తర్వాత అడుగుము. భాష అందుకు ఒప్పుకోకపోతే నక్షత్రం పెట్టి ముందుకు పోయి వెనక్కి రమ్ము. లిస్టులో పైన ఉన్నదని ఎంటర్ నొక్కక, రెండు టేబుళ్లలోనూ ‘పేరు’ ఉన్నప్పుడు అది ఎవరి పేరో చూసుకొనుము. ఆధారం ఇవ్వకుండా పనిముట్టును నిందించడం అన్యాయం; ఇచ్చాక కూడా అది తప్పు చెబితే నిరభ్యంతరంగా నిందించవచ్చునని భావము.