హామిల్టన్ సమాధి మందిరం ఆత్మకథ

ఈ మందిరం తన కథ చెప్పుకోవాలంటే తనకంటే ముందున్న ఒక శిథిలంతో మొదలుపెట్టాలి. స్కాట్లండ్‌లో గ్లాస్గోకు ఆగ్నేయంగా ఉన్న హామిల్టన్ పట్టణంలో, హామిల్టన్ డ్యూకుల ప్యాలెస్ దగ్గర ఒక పాత చర్చి ఉండేది. 18వ శతాబ్దంలో ఊరికి కొత్త చర్చి కట్టాక దాన్ని పడగొట్టి, వంశం వారి సమాధులున్న భాగాన్ని మాత్రం వదిలేశారు. కాలం గడిచేకొద్దీ అదీ బీటలు వారి, లోపలికి అడుగుపెట్టాలంటే భయపడే స్థితికి వచ్చింది. తాత ముత్తాతలను అలాంటి చోట ఉంచడం పదో డ్యూకు అలెగ్జాండర్‌కు ఇష్టం లేకపోయింది. ఈ మందిరం పుట్టుకకు కారణం అదే.

1842లో పని మొదలైంది. నమూనా గీసిన వాస్తుశిల్పి డేవిడ్ హామిల్టన్ మరుసటి ఏడాదే చనిపోయాడు. డేవిడ్ బ్రైస్ ఆ పనిని అందుకున్నాడు, శిల్పాలను అలెగ్జాండర్ హ్యాండీసైడ్ రిచీ చెక్కాడు. పైన గుమ్మటం కింద చాపెల్, దాని అడుగున శవపేటికలు ఉంచే నేలమాళిగ. మొత్తం ఎత్తు సుమారు 37 మీటర్లు. కంచు తలుపులు ఫ్లోరెన్స్‌లో శిల్పి గిబెర్టీ చేసిన ప్రసిద్ధ ద్వారాలకు నకళ్ళు. బయట రెండు రాతి సింహాలు కాపలా ఉన్నాయి. ఒకటి నిద్రపోతోంది, రెండోది మేలుకుని ఉంది.

కట్టించినవాడు మాత్రం పూర్తయిన మందిరాన్ని చూడలేదు. 1852లో ఆయన కన్నుమూశాడు. మమ్మీలను అధ్యయనం చేసిన థామస్ పెటిగ్రూ, ఆయన కోరిక ప్రకారమే, ఆ దేహాన్ని ఈజిప్టు పద్ధతిలో భద్రపరిచాడు. టోలమీల కాలపు ఈజిప్టు రాతి పేటికలో పెట్టి చాపెల్ మధ్యన నల్ల చలువరాతి పీఠం మీద ఉంచారు. పూర్వీకులు కింద నేలమాళిగలో, ఆయన పైన. మరణంలో కూడా ఆయన దర్పం తగ్గలేదు.

ప్రార్థన కోసం కట్టిన ఈ చాపెల్‌లో ప్రార్థనే సాగలేదు. కారణం ప్రతిధ్వని. నున్నటి రాతిగోడలు, ఎత్తయిన గుమ్మటం కలిసి శబ్దాన్ని త్వరగా చావనివ్వవు. బరువైన తలుపు ఒక్కసారి మూస్తే ఆ మోత దాదాపు 15 సెకన్లు లోపలే తిరుగుతుంది. పాదిరి రెండో మాట అనేసరికి మొదటి మాట ఇంకా గాలిలోనే ఉంటుంది, రెండూ కలిసి ఏదీ అర్థం కాదు. అదే గోడల వంపుల్లో ఎదురెదురుగా ఇద్దరు గోడవైపు ముఖం పెట్టి నిలబడి గుసగుసలాడితే, మధ్యలో ఉన్నవాళ్ళకు తెలియకుండా ఒకరి మాట ఒకరికి చక్కగా వినిపిస్తుంది. ఇన్నేళ్ళలో ఈ మందిరం నేర్చిన విద్య ఇదొక్కటే.

కుటుంబ వైభవం ఎంతోకాలం నిలవలేదు. 1882లో ప్యాలెస్‌లోని చిత్రాలు, సామాన్లు వేలానికి వెళ్ళాయి. అసలు దెబ్బ భూమి అడుగు నుంచి వచ్చింది. డ్యూకుల సంపదలో బొగ్గు వాటా పెద్దది. ఆ బొగ్గు కోసం చివరికి ప్యాలెస్ కింది నేలను కూడా తవ్వారు. నేల కుంగింది. ప్యాలెస్ గోడలు పగిలి, 1920లలో దాన్ని పూర్తిగా కూల్చేశారు. నేల మట్టం తగ్గి, క్లైడ్ నది వరద భయం కూడా తోడై, మందిరంలోని సమాధులకూ భద్రత లేకుండా పోయింది. తరతరాలు నిద్రపోవాల్సిన చోటును ఆ వంశపు ఆదాయమే తొలిచేసింది.

1921లో శవపేటికలను పట్టణంలోని బెంట్ శ్మశానవాటికకు తరలించారు. పదో డ్యూకు తన ఈజిప్టు పేటికతో సహా అక్కడే మట్టిలో ఉన్నాడు.

ప్యాలెస్ లేదు, దాని తోటలున్న మైదానం మీదుగా ఇప్పుడు ఎం74 మోటార్‌వే పోతోంది. మందిరం మాత్రం నిలిచి ఉంది. చూడటానికి వచ్చినవాళ్ళకు తలుపు మూసి ఆ మోతను వినిపిస్తారు. టామీ స్మిత్ అనే సంగీతకారుడు ఇక్కడ తన శాక్సఫోన్ వాయించి ఒక ఆల్బమ్ రికార్డు చేశాడు. ప్రార్థనకు అడ్డుపడిన ప్రతిధ్వనే ఆయనకు తోడు వాద్యమైంది. నల్ల చలువరాతి పీఠం చాపెల్ మధ్యన ఖాళీగా ఉంది.