ఆస్టెన్ ఇంట డ్యూకుల జాతర

ఇంగ్లండులో మూడవ జార్జి రాజుకు మతి చలించడంతో ఆయన పెద్దకొడుకు రాజప్రతినిధిగా పాలన సాగించిన 1811–1820 మధ్యకాలాన్ని రీజెన్సీ యుగం అంటారు. చరిత్రలో తొమ్మిదేళ్లకే ముగిసిన ఈ యుగం ప్రేమనవలల అంగడిలో ఇంకా ముగియలేదు సరికదా, అక్కడ ఏటా కొత్త బంగళాలు, కొత్త బిరుదులు, అన్నిటికంటే ముఖ్యంగా కొత్త డ్యూకులు పుట్టుకొస్తూనే ఉన్నారు. డ్యూక్ అంటే రాజకుటుంబం తరువాత బ్రిటిష్ ప్రభువర్గంలో అందరికంటే పై మెట్టు మీద ఉన్నవాడు. అతని కింద వరుసగా మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్ ఉంటారు. రాజవంశీయులను పక్కన పెడితే, అసలు రీజెన్సీ కాలంలో బ్రిటన్, ఐర్లండ్ కలిపి చూసినా డ్యూకుల సంఖ్య ముప్పైకి చేరలేదు. అందులో పెళ్లయినవారు, వయసు మళ్లినవారు పోగా కన్యకు దక్కేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. నవలల్లోని డ్యూకులు మాత్రం అందరూ ముప్పై ఏళ్ల బ్రహ్మచారులు, ఆరడుగుల ఆజానుబాహువులు, చిన్ననాటి గాయమేదో మానక ప్రేమ మీద నమ్మకం పోగొట్టుకున్నవారు. వీరందరినీ ఒకచోట నిలబెడితే, వాటర్లూ యుద్ధంలో సేనాని వెల్లింగ్టన్‌కు వేరే సైన్యం అక్కరలేకపోయేది. ఆ వెల్లింగ్టన్ కూడా డ్యూకే కనుక మాట్లాడుకోవడానికీ వీలుగా ఉండేది.

ఎవరి సరదా వారిది. డ్యూకులను కల్పించుకోవడం నేరం కాదు. చిక్కంతా అట్ట వెనక ముద్రించే మాటతోనే వస్తుంది. ఈ నవలలు ఆ కాలపు రచయిత్రి జేన్ ఆస్టెన్ ఒరవడిలో నడిచాయనీ, ఆమె అభిమానులు తప్పక చదవాలనీ ప్రచురణకర్తలు హామీ ఇస్తుంటారు. ఆస్టెన్ పూర్తిచేసిన ఆరు నవలల్లో డ్యూక్ ఎవరినీ పెళ్లాడడు. ఆమె కథానాయకుల్లో అందరికంటే సంపన్నుడనిపించుకున్న ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నాయకుడు డార్సీకి అసలు బిరుదే లేదు. అతను ఉత్త మిస్టర్. అతను నాట్యశాలలో అడుగుపెట్టిన ఐదు నిమిషాల్లో గదంతా పాకిన వార్త అతని ఆదాయం ఏడాదికి పదివేల పౌండ్లన్నది. చెరువులో మునిగి తడిసిన చొక్కాతో బయటికి రావడమనేది 1995లో బీబీసీ ధారావాహిక అతని చేత చేయించిన పని. నవలలో అతను ఎక్కడా తడవడు. ఆస్టెన్ ఇచ్చినది పదివేలు, అనుచరులు పుచ్చుకున్నది చొక్కా.

నిజానికి ఈ అనుచరుల అసలు గురువు ఆస్టెన్ కాదు, 1935లో ‘రీజెన్సీ బక్’ రాసిన జార్జెట్ హేయర్. ఆనాటి దుస్తులు, బండ్లు, యాసలు, జూదగృహాల పద్ధతులు వంటివన్నీ శ్రమపడి సేకరించి నోటు పుస్తకాల్లో రాసుకున్న రచయిత్రి ఆమె. కరికిల్ అనే రెండు గుర్రాల తేలికబండిని మలుపులో ఎలా తోలతారో ఆమెకు తెలుసు. ఆమె తరువాతివారు ఆనాటి ఆధారాలను వెతికే శ్రమ మానేసి ఆమె నవలలనే చరిత్రగా చదువుకోగా, వారి తరువాతివారు వీరిని చదువుకున్నారు. నకలుకు నకలు తీస్తూ పోతే చివరికి అక్షరాలు అలికినట్టయిపోతాయి కనుక, ఇప్పుడు మిగిలినది ఒక నాట్యశాల, ఒక నిమ్మరసం గ్లాసు, ఒక డ్యూకు మాత్రమే. ఆరడుగుల అందగాడు, పడవలాంటి కారు, అంతులేని అహం అనే ముడిసరుకుతో నడిచిన వారపత్రికల సీరియళ్లను మరిచిపోని తెలుగు పాఠకులకు ఈ సరుకు కొత్తగా తోచదు. కాకపోతే ఆ సీరియళ్లు ఏ ఇంగ్లిషు రచయిత్రి వారసత్వాన్నీ అట్ట మీద చాటుకోలేదు.

ఆస్టెన్ వద్ద ఉండి వీరి వద్ద లేనిది ఏమిటో తెలియాలంటే 1811లో వెలువడిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రెండో అధ్యాయం చాలు. తండ్రి మరణశయ్య దగ్గర మాట ఇచ్చిన జాన్ డ్యాష్‌వుడ్, ముగ్గురు సవతి చెల్లెళ్లకు తలా వెయ్యి, మొత్తం మూడు వేల పౌండ్లు ఇవ్వాలనుకుంటాడు. భార్య ఫ్యానీ తమ చిన్నారి కొడుకు నోటికాడ కూడు తీసేస్తున్నారన్నట్టు బాధపడగా, అది తలా ఐదు వందలకు దిగుతుంది. ఆ తరువాత సవతి తల్లి బతికినంత కాలం ఏటా వంద ఇద్దామంటే, భరణం పుచ్చుకునేవాళ్లు త్వరగా చావరని ఆమె అనుభవపూర్వకంగా హెచ్చరిస్తుంది. వంద కాస్తా అప్పుడప్పుడూ యాభైగా మారి, చివరికి ఇల్లు మారేటప్పుడు సాయం చేయడం, కాలానుగుణంగా చేపలు, వేటమాంసం పంపడం దగ్గర తేలుతుంది. గొంతు పెంచకుండా, ఎవరినీ తిట్టకుండా, నలుగురు ఆడవాళ్లను దిక్కులేనివారిని చేసే ఈ సంభాషణ కొద్ది పేజీల్లో ముగిసిపోతుంది. మూడు వేల నుంచి చేపల దాకా దిగే ఈ మెట్లలో ఒక్కటైనా కట్టగల డ్యూకుల రచయిత ఇంకా కనిపించవలసే ఉంది.

వీరి కథల్లో డబ్బు లేదని కాదు; అది కుళాయి నీళ్లలా వస్తుంటుంది, ఎక్కడి నుంచి వస్తున్నదో ఎవరూ అడగరు. ఆడపిల్లలను కాదని ఆస్తి మగ వారసుడికే దక్కేలా కట్టిపడేసే ఎంటెయిల్ అనే ఏర్పాటు ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో బెన్నెట్ కుటుంబం మెడ మీది కత్తి. ఇరవై ఏడేళ్ల షార్లెట్ లూకాస్ నిలువ నీడ కోసం కాలిన్స్ వంటి మూర్ఖుణ్ణి కళ్లు తెరిచే కట్టుకోవడానికి కారణం కూడా ఆడదానికి సొంత ఆస్తి లేకపోవడమే. నేటి కథానాయిక మూడు వందల పేజీల పాటు పెళ్లి వ్యవస్థను, నడుము బిగించే కార్సెట్టును, పురుషాహంకారాన్ని ఏకకాలంలో ధిక్కరించి, ఆఖరి పేజీలో డ్యూకుగారి భార్య, డచెస్ అవుతుంది. ధిక్కారానికి ఇంత పెద్ద జీతం ఏ ఉద్యమమూ ఇచ్చి ఉండదు. బెన్నెట్ల కూతురు ఎలిజబెత్‌కూ డార్సీ ఎస్టేటు పెంబర్లీ దక్కలేదా అని అడగవచ్చు. దక్కింది, అయితే డార్సీ మీద ప్రేమ ఎప్పుడు మొదలైందని అక్క అడిగితే, పెంబర్లీ తోటలు చూసినప్పటి నుంచేనని ఎలిజబెత్ చేతనే హాస్యమాడించి, ఆస్టెన్ లెక్కల పుస్తకాన్ని పెళ్లిపందిట్లో కూడా తెరిచే ఉంచింది.

2009లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ అండ్ జాంబీస్’ అట్ట మీద ఆస్టెన్‌ను సహరచయిత్రిగా ముద్రించారు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెతకు ఇంతకంటే సచిత్ర వ్యాఖ్య దొరకదు. నూట యాభై ఆశించిన ఆస్టెన్, అసలు నవల హక్కులను 110 పౌండ్లకు పూర్తిగా అమ్ముకుంది. 2017లో ఆమె బొమ్మతో పది పౌండ్ల నోటు వేసిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, చదువులోని ఆనందాన్ని పొగిడే వాక్యం ఒకటి దాని మీద అచ్చేసింది; నవలలో ఆ మాట అన్నది డార్సీ కంటపడడానికి పుస్తకం పట్టుకుని ఆవలించే కారొలిన్ బింగ్లీ.

న్యాయానికి ఒక మినహాయింపు చెప్పాలి. 2013లో జో బేకర్ రాసిన ‘లాంగ్‌బోర్న్’ అదే బెన్నెట్ ఇంటిని పనివాళ్ల వైపు నుంచి చూస్తుంది. ఎలిజబెత్ పొలాలకు అడ్డంపడి నడిచి బురద చేసుకున్న లంగాను ఉతకవలసినది చేతులు పగిలిన పనిపిల్ల అని గుర్తుచేస్తుంది. ఆ బట్టలుతికే తొట్టి పక్కన డ్యూకు నిలబడడానికి చోటు లేదు.

రాజవంశపు ప్రేమకథ రాయమని ఆస్టెన్‌ను ఆమె కాలంలోనే అడిగారు. 1816లో రాజప్రతినిధి గ్రంథపాలకుడు జేమ్స్ స్టానియర్ క్లార్క్, కోబర్గ్ వంశం మీద చారిత్రక రమ్యకథ రాయవలసిందని సూచించగా, ప్రాణం మీదికి వస్తే తప్ప అటువంటిది తన వల్ల కాదని ఆమె మర్యాదగా జవాబిచ్చింది. అంతటితో ఊరుకోక, ఏ లోపమూ లేని కథానాయికను తండ్రితో సహా దేశాలు పట్టించి కమ్చాట్కా దాకా తరిమే ఒక నవలకు వెటకారపు ప్రణాళిక కూడా రాసి, అందులోని అసంబద్ధతల పక్కన ఆ సలహాలు ఇచ్చినవారి పేర్లు అంచున రాసిపెట్టింది.