ఊదు కాదమ్మా, మీటు

కువైట్‌లో ముబారకియా బజారు వెనక సందులో 45 దినార్లు పోసి ఊదు కొన్నానని కాకినాడకి ఫోన్ చేసి చెబితే, మా అమ్మ "ఇద్దరు మనుషులకి అన్ని ఊదొత్తులేం చేసుకుంటార్రా?" అంది. ఆవిడ తప్పేం లేదు. ఊదొత్తిలో ఊదూ, నేను కొన్న ఊదూ ఒకే అరబ్బీ మాట. దానికి కర్ర అని అర్థం. వాసనొచ్చే కర్రా అదే, మోగే కర్రా అదే. ఇది వాయిద్యమమ్మా అని విడమరిచి చెప్పాక రెండో అనుమానం మొదలైంది.

"సన్నాయిలా ఊదాలేమిట్రా? ఆ ఇసక గాలికి ఊపిరితిత్తులు జాగ్రత్త."

"ఊదేది కాదమ్మా, మీటేది."

"మీటేదానికి ఊదని పేరెవడు పెట్టాడు?"

ఆ ప్రశ్న నేను అరబ్బుల్ని అడగలేదు. వాళ్లని అడగాల్సినవి అంతకంటే పెద్దవి ఉన్నాయి.

బూడిదగుమ్మడికాయని నిలువునా కోసి, కోసినవైపు చెక్కమూత బిగించినట్టుంటుంది ఊదు. బొబ్బిలి వీణలా ఒకే పనసమొద్దులోంచి తొలిచింది కాదు. సన్నని చెక్కబద్దల్ని వంచి పక్కపక్కన అతికించింది. మెడ పొట్టి. తల మాత్రం పూర్తిగా వెనక్కి వాల్చి, 'నీకు రాదులే' అన్నట్టు చూస్తుంది. మెట్లు లేవు. తీగలు 11: ఐదు జంటలు, చివర్న ఒక ఒంటి మంద్రం. మీటడానికి బద్దలాంటి ప్లాస్టిక్ ముక్క ఇచ్చారు. దాని పేరు రీషా, అంటే ఈక. ఒకప్పుడు గద్ద ఈకతోనే మీటేవారట. కొట్టు పెద్దాయన అన్నీ సంచీలో సర్ది, "తీగలు వదులు చేసి ఉన్నాయి, ఇంటికెళ్లి శ్రుతి చేసుకో" అన్నాడు.

ఏ శ్రుతికి? ఆ అమాయకపు ప్రశ్నతోనే నాకు మూడు నెలలు గడిచిపోయాయి.

చిన్నప్పుడు రెండేళ్లు వీణ నేర్చుకుని గీతాల దగ్గర ఆగిపోయిన వాణ్ణి. నా మటుకు నాకు షడ్జమమంటే గొడుగు లాంటిది, ఎవరు ఎక్కడ నిలబడితే అక్కడ విప్పుకోవచ్చు. వీణకి స-ప-స-ప అని నాలుగు తీగలూ బిగిస్తే వాదన లేదు. ఇక్కడ అలా కాదు. ఆఫీసులో నా పక్క కుర్చీ ఈజిప్టు ఉస్తాజ్‌ని అడిగితే, ఓ ఇన్వాయిసు వెనక మంద్రం నుంచి పైకి రాసిచ్చాడు: దో, ఫా, లా, రే, సోల్, దో. మన లెక్కలో దో ఒకటి శ్రుతి, రే రెండు, అలా మార్చుకుంటే 1-4-6-2-5-1 వచ్చింది. శ్రుతిలా లేదు, గ్యాసు బుకింగ్ నంబరులా ఉంది. "ఇది కాక ఇంకోటుందని ఎవడైనా అంటే వాడితో టీ తాగకు, హబీబీ" అన్నాడు ఉస్తాజ్. సాక్ష్యానికి పేరుమోసిన ఊదు విద్వాంసులు మొహమ్మద్ అబ్దుల్ వహాబ్‌నీ, రియాద్ సున్‌బాతీనీ, ఫరీద్ అల్ అత్రాష్‌నీ పిలిచాడు. మూడో పేరు వినగానే ఎదుటి బల్ల సిరియా ఆయన లేచాడు. ఫరీద్ పుట్టింది తమ దేశంలో అన్నాడు. పాడింది కైరోలో అన్నాడు ఈయన. ఆ నెల లెక్కల ముగింపు రెండు గంటలు ఆలస్యమైంది. నా శ్రుతి ఎక్కడిదక్కడే ఉంది.

శుక్రవారం క్షవరానికి వెళ్తే అక్కడ టర్కీ మంగలి. కత్తి నా గొంతు మీద పెట్టి, అరబ్బుల ఊదు పెద్దది, తీగ 61 సెంటీమీటర్ల పైన ఉంటుంది, అందుకే గొణుగుతుంది అన్నాడు. తమది 58.5, గలగలలాడుతుంది. వాళ్ల వరస ఒకటిన్నర, నాలుగున్నర, ఏడు, మూడు, ఆరు, రెండు. కూరగాయల బేరంలా వినబడుతుంది గానీ, ఒప్పుకోవాలి, అందమైన లెక్క. ఏ తీగకైనా దాని పై తీగ శుద్ధ మధ్యమం. అరబ్బుల వరసలో ఫా నుంచి లాకి వచ్చేసరికి గాంధారమే, నిచ్చెనకి ఒక మెట్టు కురచైనట్టు. బుద్ధిగా తలూపుదామనుకుని, కత్తి గుర్తొచ్చి ఊరుకున్నాను. తర్వాత ఆయన అసలు బాంబు వేశాడు. టర్కీలో స్వరలిపి రాసేటప్పుడు 'రే' అని రాస్తే మోగేది 'లా' అట! రాసేది ఒకటి, మోగేది ఇంకొకటి. అకౌంటెంటుని కాబట్టి నాకదేం కొత్తగా అనిపించలేదు.

మా పై అంతస్తు ఇరాకీ పెద్దమనిషి వీళ్లిద్దరినీ కొట్టిపారేశాడు. పైన ఫా తీగ లేని ఊదు మూతిలేని కుండ అన్నాడు. "మా మునీర్ బషీర్ ఊదు విను, తర్వాత మాట్లాడు." ఆ రాత్రి విన్నాను. ఒక్క మనిషి, పాటకుడు లేడు, డప్పు లేదు. ఒక మీటుకీ ఇంకో మీటుకీ మధ్య ఆయన ఊరుకున్న చోటే నాకు ఎక్కువ వినిపించింది. రెండింటికి లేచి, నా పై దో తీగని ఫా దాకా లాగుదామని బిరడా తిప్పాను. రే దాటింది. 'మీ' దగ్గర మూలిగింది. ఆ తర్వాత టప్పున తెగి నా చెవి మీద కొట్టింది. "దొంగలా?" అని లేచింది మా ఆవిడ.

మర్నాడు కొట్టు పెద్దాయన తెగిన ముక్కని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఈ లావు తీగ ఆ శ్రుతికి పుట్టలేదు. దానికి సన్నవి వేరే ఉంటాయి, అడగాలి కదా సదీక్" అన్నాడు. శ్రుతి నేను ఎంచుకోవడం కాదు, కొన్న రోజే తీగలు ఎంచేసుకున్నాయన్నమాట. అక్కడే ఇంకో సంగతీ తెలిసింది. మునీర్ బషీర్‌కి నేర్పిన షెరీఫ్ ముహిద్దీన్ 1930లలో బాగ్దాద్ వచ్చిన ఇస్తాంబుల్ ఆయన. ఇది టర్కీ మంగలి చెవిన వేస్తే ఉచితంగా తల మర్దనా చేశాడు. ఇరాకీ ఆయనకి మాత్రం చెప్పలేదు, లిఫ్టులో రోజూ ఎదురుపడతాం.

ఏ వరస పెట్టినా నిలవడం వేరే కథ. బయట 48 డిగ్రీలు, లోపల ఏసీ. పదకొండో తీగ సరిచేసేసరికి మొదటిది జారుతుంది, కప్పల తక్కెడే. బిరడాలకి సుద్దముక్క రుద్దాను. అప్పుడు తిరగడమే మానేశాయి.

మా ఆవిడ చూసి చూసి, "ఏమండీ, గాంధారం తప్పుతోంది" అంది. ఇక్కడే ఊదు నన్ను ఆదుకుంది. అరబ్బీ సంగీతంలో సీకా అని ఓ స్వరం ఉంది. మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడిమధ్య కూర్చుంటుంది. టర్కీ వాళ్లు దాన్నే ఇంకాస్త పైకి జరుపుతారు. "తప్పలేదే, అది అలాగే ఉండాలి" అన్నాను. తప్పు వాయించేవాడికి ఇంతకంటే పెద్ద వరం ఏ వాగ్గేయకారుడూ ఇవ్వలేదు. నెల్లాళ్లు నా ప్రతి అపస్వరానికీ ఏదో ఒక దేశం చూపించాను. ఆవిడ ఇంకా సందేహిస్తుంటే, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ నాలుగు జంటల తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలు వేసుకుని, పరాయి వాయిద్యాన్ని మన శ్రుతికి తెచ్చుకోలేదా అని నిలదీశాను.

"ఆయన వాయించి చూపించారండీ" అంది.

కిందటి నెల ఆవిడ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె చచ్చిపోయింది. ఆవిడది ఐదు శ్రుతి. "ఇంతకాలం తిప్పారుగా, నాకు ఐదుకి పెట్టగలరా?" అని అడిగింది. సోల్ ఎలాగూ ఉంది. రే దానికి పంచమం. అడుగున ఫాని సోల్‌కి, దోని రేకి లాగాను. తెగలేదు. రే సోల్ లా రే సోల్ దో. ప స రి ప స మ. ఏదో కనిపెట్టానన్న గర్వంతో కొట్టు పెద్దాయనకి చెబితే, "అది పాత పద్ధతే సదీక్, మా తాతలు అలాగే పెట్టుకునేవాళ్లు" అని కొత్త సుద్దముక్క ఇచ్చాడు.

ఇప్పుడు సాయంత్రాలు ఆవిడ వర్ణం పాడుతుంటే నేను పక్కన కూర్చుని ప, స, స అని మీటుతుంటాను. ఎడమచేతికి ఇంకా పని పడలేదు. మొన్న అమ్మకి ఫోన్లో వినిపించాం. చివరిదాకా విని, "తంబూరా హాయిగా ఉందిరా" అంది. "మరి ఆ ఊదేది ఎప్పుడు మొదలెడతావు?"